రెఫరీ మోసం చేశాడా? పద్దు రాసి చూద్దాం!



ఆట అయిపోగానే మన హాస్టల్లో ఇంకో ఆట మొదలవుతుంది. దాని పేరు "అంపైర్ అమ్ముడుపోయాడు". కబడ్డీ కానివ్వండి, ఖోఖో కానివ్వండి, ఓడిపోయినవాళ్ళు భోజనాల లైన్లో ప్లేటు పట్టుకుని ఈ ఆట ఆడతారు. గెలిచినవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఆడరు, గమనించారా? పోయిన నెల రెండు గదుల వాళ్ళు ఈ మాట మీదే మూడు రోజులు మాట్లాడుకోలేదు. అంపైర్‌గా నిలబడిన పదో తరగతి అన్న ఇక ఈల పట్టుకోనని చెప్పేశాడు. అంపైర్ లేకపోతే పోటీలు ఎలా జరుగుతాయో ఎవరూ ఆలోచించలేదు.

ఒక అంపైరు నిజంగా పక్షపాతం చేశాడో లేదో తెలుసుకునే మార్గం ఉందా? ఉంది, కానీ మనం అనుకున్నంత సులువు కాదు. దీన్ని బాగా చూపించే ఆట ఒకటి అమెరికాలో ఉంది. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్. ఆ ఆటలో ప్రతి తప్పుకీ లెక్క ఉంటుంది, ప్రతి లెక్కకీ కాగితం ఉంటుంది. అయినా అక్కడా ఇవే తగాదాలు! అందుకే ఆ ఆట గురించి రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. అమెరికా ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా రెండు కొసలు తేలిన బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకి పదకొండు మంది. నెత్తిన హెల్మెట్, భుజాలకి దిండ్లు కట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటారు. మైదానం పొడవు 100 గజాలు, రెండు చివర్లా ఇంకో పదేసి గజాలు. గజం అంటే మూడడుగులే, మన బట్టల కొట్టు గజమే. బంతిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు.

బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. నాలుగు డౌన్లలో పది గజాలు ముందుకు పోతే మళ్ళీ కొత్తగా నాలుగు వస్తాయి. పోలేకపోతే బంతి ఎదుటి జట్టుకి పోతుంది. అంటే ఈ ఆటలో భూమే సొమ్ము. గజం గజం సంపాదించుకోవాలి. కాబట్టి తప్పు చేసినవాడికి శిక్ష కూడా గజాల్లోనే వేస్తారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. తప్పు చేస్తే సంపాదించిన భూమిలోంచి కోసేస్తారు!

చిన్న తప్పుకి 5 గజాలు. బంతి కదలకముందే మన ఆటగాడు కదిలాడనుకోండి, లేదా గడువులోపల ఆట మొదలుపెట్టలేదనుకోండి, అయిదు గజాలు వెనక్కి. ఎదుటివాణ్ణి చొక్కా పట్టుకుని ఆపితే, దాన్ని హోల్డింగ్ అంటారు, 10 గజాలు. హెల్మెట్ ముందున్న ఇనుప జాలీ పట్టుకుని గుంజితే 15 గజాలు. మెడ విరిగే ప్రమాదం కదా మరి. ఎదుటివాడి తలకి గురిపెట్టి గుద్దడం అన్నిటికన్నా పెద్ద తప్పు. దానికి 2008 లోనే ప్రత్యేకంగా నియమం పెట్టారు. 2013 నుంచి 15 గజాలతోపాటు ఆటగాణ్ణి బయటికి పంపించెయ్యడం మొదలుపెట్టారు. ఆటగాళ్ళకి తల దెబ్బల వల్ల మెదడు పాడవుతుందన్న భయం పెరగడమే దీనికి కారణం.

ఇప్పుడు రెఫరీల సంగతి. మైదానంలో ఒక్కరు కాదు, ఏడుగురు ఉంటారు. 2013 తర్వాత పెద్ద లీగుల్లో ఎనిమిదో మనిషిని కూడా పెట్టారు. అందరూ నలుపు తెలుపు చారల చొక్కాలు వేసుకుంటారు. పెద్ద రెఫరీకి తెల్ల టోపీ, మిగతావాళ్ళకి నల్ల టోపీలు. ఒక్కొక్కరికి చూడాల్సిన చోటు పంచి ఉంటుంది. ఒకాయన గీత చూస్తాడు, ఒకాయన బంతి పట్టుకునేవాణ్ణి చూస్తాడు, ఒకాయన మధ్యలో గుద్దుకునే లావుపాటి వాళ్ళని చూస్తాడు. అందరూ బంతినే చూస్తే మిగతా ఇరవై మంది ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు. మనం ఆట చూసేటప్పుడు చేసే పొరపాటు సరిగ్గా ఇదే, కూత పెట్టేవాణ్ణి ఒక్కణ్ణే చూస్తాం.

తప్పు కనబడగానే రెఫరీ జేబులోంచి పసుపు గుడ్డ తీసి నేల మీద విసురుతాడు. దాన్ని జెండా అంటారు. దీని కథ బాగుంటుంది. పూర్వం రెఫరీలు తప్పు పట్టినప్పుడు ఈల గానీ బూర గానీ ఊదేవారు. జనం గోలలో అవి వినబడేవి కావు. యంగ్స్‌టౌన్ అనే ఊరి కాలేజీ కోచ్ డ్వైట్ బీడీకి ఒక ఆలోచన వచ్చింది. గుడ్డ విసిరితే అందరికీ కనబడుతుంది కదా అని. ఆయన భార్య ఇర్మా ఎర్ర గుడ్డ మీద తెల్ల చారలతో జెండాలు కుట్టి ఇచ్చింది. 1941 అక్టోబరులో ఓక్లహోమా సిటీ జట్టుతో జరిగిన ఆటలో వాటిని మొదటిసారి వాడారు. ఆ తర్వాత దేశమంతా పాకింది, రంగు పసుపయింది. ఇంట్లో కుట్టుకున్న గుడ్డ ముక్క ఇంత పెద్ద ఆటకి గుర్తయిపోయింది చూశారా.

జెండా పడగానే చాలాసార్లు ఆట ఆగిపోదు. ఆ విడత పూర్తయ్యేదాకా నడుస్తుంది. తర్వాత రెఫరీలు కలిసి మాట్లాడుకుంటారు. పెద్ద రెఫరీ ప్రేక్షకుల వైపు తిరిగి, మైకులో ఏ తప్పో, ఏ జట్టో, ఏ నంబరు ఆటగాడో చెప్తాడు. చేతులతో సైగ కూడా చేస్తాడు. తన మణికట్టు తనే పట్టుకుంటే హోల్డింగ్ అని. నడుం మీద రెండు చేతులు పెట్టుకుంటే గీత దాటాడని. దూరంగా కూర్చున్నవాడికి కూడా అర్థమవుతుంది. మన అంపైర్లు ఇదొక్కటి నేర్చుకుంటే సగం గొడవలు తగ్గుతాయని నా అభిప్రాయం. మన దగ్గర ఈల వేస్తారు, ఎందుకు వేశారో చెప్పరు.

ఇక్కడ ఒక వింత ఉంది. తప్పు జరిగిన తర్వాత శిక్ష వద్దనే హక్కు ఎదుటి జట్టుకి ఉంది! మూడో డౌన్ నడుస్తోంది, ఇంకా పది గజాలు పోవాలి అనుకుందాం. బంతి ఉన్న జట్టు మూడు గజాలే పోయింది, పైగా హోల్డింగ్ చేసింది. ఎదుటి జట్టు శిక్ష కావాలంటే వాళ్ళని పది గజాలు వెనక్కి పంపి మూడో డౌన్ మళ్ళీ ఆడిస్తారు. అంటే ఇంకో అవకాశం ఇచ్చినట్టే. శిక్ష వద్దంటే నాలుగో డౌన్ వస్తుంది, ఇంకా ఏడు గజాలు పోవాలి, బంతి చేజారే ప్రమాదం. తెలివైన కోచ్ శిక్ష వద్దంటాడు. అప్పుడు ఆ తప్పు పెనాల్టీల మొత్తంలో చేరదు. జెండా పడింది, అందరూ చూశారు, కానీ పద్దులో లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇంక అసలు విషయానికి వద్దాం. కాలేజీ జట్టు ఒక సీజన్‌లో మామూలుగా 12 ఆటలు ఆడుతుంది. ఆగస్టు చివర మొదలై డిసెంబరు మొదట్లోకి అయిపోతాయి. పెద్ద జట్లు ఆ తర్వాత కూడా ఆడతాయి. ప్రతి ఆట అయ్యాక అచ్చయ్యే లెక్కల పట్టీలో ఒక వరుస పెనాల్టీలది. 7–65 అని ఉందంటే ఏడు పెనాల్టీలు, మొత్తం 65 గజాలు అని అర్థం. అభిమానులు ఈ అంకెలు ఆట ఆటకీ రాసుకుని సీజన్ చివర కూడతారు. "మాకు ఇన్ని వేశారు, మా ఎదుటివాళ్ళకి ఇన్నే వేశారు, చూశారా అన్యాయం" అంటారు. అంకెలు ఉన్నాయి కదా, ఇక వాదన ఏముంది అనిపిస్తుంది. కానీ అంకె వెనకాల చూడాలి.

మొదటిది, గజాల అంకె. మన జట్టు వాడు 60 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, ఇంతలో వెనక ఒకడు హోల్డింగ్ చేశాడని జెండా పడింది అనుకుందాం. టచ్‌డౌన్ కొట్టేస్తారు. పద్దులో ఎంత పడుతుంది? ఒక పెనాల్టీ, 10 గజాలు, అంతే. కానీ పోయింది అరవై గజాల పరుగు, ఆరు పాయింట్లు. అదే ఆటలో ఎదుటి జట్టుకి మైదానం మధ్యలో అయిదు గజాల తప్పులు మూడు పట్టారు. 15 గజాలు. పట్టీ చూసినవాడు ఎదుటి జట్టుకే ఎక్కువ శిక్ష పడిందంటాడు!

ఇంకో చిక్కు. శిక్ష వేసి వెనక్కి జరిపేటప్పుడు వాళ్ళ చివరి గీతకి ఉన్న దూరంలో సగం కన్నా ఎక్కువ జరపకూడదు. బంతి 8 గజాల దూరంలో ఉంటే 15 గజాల తప్పుకి కూడా 4 గజాలే కోస్తారు. పెద్ద తప్పే, పద్దులో 4 పడుతుంది. అందువల్ల గజాలు కూడి ఎవరు ఎంత చెడ్డవాళ్ళో చెప్పలేం.

రెండోది, ఎన్ని విడతలు ఆడారు అన్నది. కొన్ని జట్లు గబగబా ఆడతాయి, కొన్ని నిదానంగా ఆడి గడియారం తింటాయి. ఎక్కువ విడతలు ఆడినవాడికి తప్పు చేసే సందర్భాలూ ఎక్కువే. నెలలో ముప్పై రోజులు వంట చేసినవాడి చేతిలో పదిసార్లు అన్నం మాడింది, పది రోజులు చేసినవాడి చేతిలో అయిదుసార్లు మాడింది. ఎవరు మంచి వంటవాడు? మొదటివాడే కదా. కాబట్టి వంద విడతలకి ఎన్ని తప్పులు అని లెక్క కట్టాలి. ఇది మన ఏడో తరగతి శాతాల పాఠమే, వేరే ఏం లేదు.

అమెరికా నౌకాదళం అకాడమీకి ఒక జట్టు ఉంది, నేవీ అంటారు. తక్కువ పెనాల్టీల జాబితాలో ఈ జట్టు చాలా సీజన్లలో పైన కనబడుతుంది. మిలిటరీ క్రమశిక్షణ అని అందరూ మెచ్చుకుంటారు. ఉండొచ్చు. కానీ ఆ జట్టు బంతిని విసరడం బాగా తక్కువ, పట్టుకుని పరుగెత్తే ఆటే ఎక్కువ. అలా ఆడితే గడియారం ఆగకుండా తిరుగుతుంది, విడతలు తగ్గుతాయి. విసిరే ఆటలో జరిగే కొన్ని రకాల తప్పులకి అవకాశమే తక్కువ. క్రమశిక్షణ వాటా ఎంత, ఆట తీరు వాటా ఎంత? వట్టి మొత్తం చూస్తే తెలియదు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. పద్దులో రెఫరీ పట్టుకున్న తప్పులే ఉంటాయి. చూసి వదిలేసినవి ఉండవు, చూడనివీ ఉండవు. ఒక జట్టుకి తక్కువ పెనాల్టీలు పడ్డాయంటే వాళ్ళు బుద్ధిగా ఆడి ఉండొచ్చు, లేదా రెఫరీ వాళ్ళని వదిలేసి ఉండొచ్చు. రెండూ పద్దులో ఒకేలాగ కనబడతాయి! వార్డెన్ సారు రాత్రి రౌండ్లో పట్టుకున్నవాళ్ళ పేర్లే రిజిస్టర్లో ఉంటాయి. దుప్పటి కింద దిండు పెట్టి గోడ దూకినవాడి పేరు ఉండదు. (సారు క్షమించాలి, ఉదాహరణకి మాత్రమే.)

నాలుగోది అదృష్టం. 12 ఆటల్లో 8 ఆటల్లో మాకే ఎక్కువ పెనాల్టీలు పడ్డాయి, ఇది పక్షపాతం కాదా అని అడుగుతారు. ఒక రూపాయి బిళ్ళని 12 సార్లు ఎగరెయ్యండి. ఆరు బొమ్మ, ఆరు బొరుసు పడాలి అనుకుంటాం. కానీ ఒక పక్క 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడే అవకాశం, రెండు పక్కలూ కలుపుకుంటే, నూటికి సుమారు 39. లెక్క కావాలంటే ఇదిగో. పన్నెండుసార్లు ఎగరేస్తే మొత్తం 4096 రకాలుగా పడొచ్చు. బొమ్మ 8 పడేవి 495, తొమ్మిది పడేవి 220, పది పడేవి 66, పదకొండు పడేవి 12, పన్నెండూ పడేది 1. కూడితే 794. బొరుసుకీ అంతే, మొత్తం 1588. దాన్ని 4096 తో భాగించండి. నమ్మకం లేకపోతే ఆదివారం నలభై మంది తలా పన్నెండుసార్లు ఎగరెయ్యండి. పదిహేను మంది దాకా ఇలాంటి ఫలితమే చూస్తారు. వాళ్ళ బిళ్ళ అమ్ముడుపోయిందంటారా?

అంటే పక్షపాతం ఎక్కడా లేదని కాదు నేను చెప్పేది. రెఫరీ కూడా మనిషే. ఆన్ ఆర్బర్ ఊళ్ళో మిషిగన్ యూనివర్సిటీ మైదానంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. అంతమంది ఒక్కసారి అరిస్తే రెఫరీ చెవిలో పడకుండా ఉంటుందా? దీనికి ఒక రుజువు ఇంకో ఆట నుంచి దొరికింది. 2020 లో కరోనా వల్ల యూరప్‌లో మామూలు ఫుట్‌బాల్ ఆటలు ఖాళీ మైదానాల్లో ఆడించారు. అంతకుముందు బయటి ఊరి జట్టుకే పసుపు కార్డులు ఎక్కువ పడేవి. జనం లేనప్పుడు ఆ తేడా తగ్గిందని పరిశోధన చేసినవాళ్ళు చెప్పారు. ఎవరూ లంచం ఇవ్వలేదు, ఎవరూ అమ్ముడుపోలేదు. గోల పనిచేసింది, అంతే. అక్కడ వాళ్ళు చూసింది ఒక ఆట కాదు, వేల ఆటలు. అందుకే ఆ మాట నమ్మొచ్చు.

పక్షపాతం వేరు, పొరపాటు వేరు. పెద్ద పొరపాట్లు కూడా జరిగాయి. వాటిలో రెండు కథలు చెప్పి తీరాలి.

1940 నవంబరులో కార్నెల్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య ఆట. కార్నెల్ ఆ సీజన్‌లో అప్పటిదాకా ఓడిపోలేదు. చివరి క్షణాల్లో డార్ట్‌మత్ 3–0 తో ముందుంది. కార్నెల్ నాలుగు డౌన్లూ అయిపోయాయి. కానీ రెఫరీ లెక్క తప్పి అయిదోది కూడా ఇచ్చేశాడు. ఆ అయిదో దాంట్లో టచ్‌డౌన్ పడింది, కార్నెల్ 7–3 తో గెలిచింది. తర్వాత ఆట ఫిల్ము వేసి చూస్తే అయిదు డౌన్లు స్పష్టంగా కనబడ్డాయి. రెఫరీ తన తప్పు ఒప్పుకున్నాడు. కార్నెల్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? మాకు ఈ గెలుపు వద్దని డార్ట్‌మత్‌కి కబురు పంపారు. డార్ట్‌మత్ ఒప్పుకుంది. రికార్డుల్లో ఈనాటికీ 3–0 డార్ట్‌మత్ గెలుపు అనే ఉంది.

సరిగ్గా యాభై ఏళ్ళకి, 1990 అక్టోబరు 6 న, ఇదే తప్పు మళ్ళీ జరిగింది. మిస్సోరి మైదానంలో కొలరాడో ఆడుతోంది. మిస్సోరి 31–27 తో ముందుంది, సమయం అయిపోవస్తోంది. కొలరాడో గీతకి మూడు గజాల దూరంలో ఉంది. మొదటి డౌన్‌లో గడియారం ఆపడానికి బంతిని నేలకి కొట్టారు. రెండో డౌన్‌లో పరుగెత్తారు, ఆపేశారు. అప్పుడు కొలరాడో విరామం అడిగింది. గీత పక్కన ఒక మనిషి కర్రకి ఎన్నో డౌనో చూపించే అంకె పెట్టుకుని నిలబడతాడు. ఆ గందరగోళంలో 2 ని 3 గా మార్చలేదు. అక్కడినుంచి అందరి లెక్కా ఒకటి వెనకబడింది. మూడో డౌన్‌లో మళ్ళీ ఆపేశారు. నాలుగోదాన్ని మూడోది అనుకుని మళ్ళీ బంతిని నేలకి కొట్టారు. అయిదోదాంట్లో టచ్‌డౌన్! 33–31. ఏడుగురు రెఫరీలు, రెండు జట్లు, వేల మంది జనం ఉండి కూడా నాలుగు వరకు లెక్కపెట్టలేకపోయారు. ఆ రెఫరీలని లీగ్ సస్పెండ్ చేసింది. కానీ ఫలితం మార్చలేదు, కొలరాడో గెలుపు వదులుకోలేదు. ఆ ఏడాది పత్రికా విలేఖరుల ఓటింగ్‌లో కొలరాడోయే దేశంలో మొదటి జట్టయింది. ఇందులో రెఫరీ ఎవరి పక్షమూ వహించలేదు, ఒక అంకె మారలేదంతే. రెఫరీలు ఎన్నో డౌనో మర్చిపోకుండా ఉండడానికి చేతికి ఒక ఎలాస్టిక్ తాడు కట్టుకుని దాన్ని వేలి నుంచి వేలికి మారుస్తుంటారు. అంత జాగ్రత్త ఉన్నా ఆ రోజు తప్పింది.

ఆ తర్వాత టీవీ సాయం వచ్చింది. 2004 లో బిగ్ టెన్ అనే లీగ్ ప్రయోగంగా మొదలుపెట్టింది, 2005 నుంచి మిగతా లీగులు కూడా తీసుకున్నాయి. మైదానం పైన గదిలో ఒకాయన కూర్చుని టీవీలో మళ్ళీ చూసి చెప్తాడు. దీంతో గొడవలు అయిపోయాయి అనుకున్నారు. 2006 సెప్టెంబరులో ఓరెగాన్, ఓక్లహోమా ఆట జరిగింది. చివర్లో ఓరెగాన్ తన్నిన బంతిని వాళ్ళ ఆటగాడే పది గజాలు దాటకముందే తాకాడు. అది తప్పు. పైగా బంతి చివరికి ఓక్లహోమా వాడి చేతిలోనే ఉంది. అయినా బంతిని ఓరెగాన్‌కే ఇచ్చారు. టీవీ గదిలో ఉన్నాయన కూడా సరిచెయ్యలేదు. ఓరెగాన్ 34–33 తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. లీగ్ క్షమాపణ చెప్పి ఆ రెఫరీలని ఒక ఆటకి పక్కన పెట్టింది. ఓరెగాన్ ఉన్న లీగ్ రెఫరీలే మైదానంలో ఉన్నారు కాబట్టి అనుమానాలు ఇంకా పెరిగాయి. టీవీ గదిలో ఉన్నాయనకి బెదిరింపు ఫోన్లు వచ్చాయి. ఆట కోసం ఒక మనిషి ఇంటికి ఫోన్ చేసి బెదిరించడం ఏమిటో నాకు అర్థం కాదు. మన పదో తరగతి అన్న ఈల ఎందుకు పక్కన పెట్టాడో ఇది చదివాక నాకు ఇంకా బాగా తెలిసింది.

2016 సెప్టెంబరులో ఇంకొకటి. ఓక్లహోమా స్టేట్ జట్టు గెలుస్తోంది, సమయం కూడా అయిపోయింది. చివరి బంతి విసిరినప్పుడు వాళ్ళు ఒక తప్పు చేశారు. ఆ రకం తప్పు మీద ఆట పొడిగించకూడదని నియమం పుస్తకంలో ఉంది. రెఫరీలు అది మర్చిపోయి సెంట్రల్ మిషిగన్‌కి ఇంకో విడత ఇచ్చారు. వాళ్ళు దాంట్లో టచ్‌డౌన్ చేసి 30–27 తో గెలిచేశారు. రెఫరీలకి రెండు ఆటల సస్పెన్షన్ వేశారు, ఫలితం మాత్రం అలాగే ఉంచారు. ఇది పెనాల్టీల పట్టీలో వెతికితే దొరకదు. పట్టీలో ఆ తప్పు ఒక్క వరుస, అంతే. సీజన్ మొత్తం కూడినా ఆ వరుస బరువు తెలియదు.

అక్కడి రెఫరీల్లో చాలామందికి ఇది రోజూ చేసే ఉద్యోగం కాదు. వారమంతా బడిలోనో ఆఫీసులోనో పని చేసుకుని శనివారం మైదానానికి వస్తారు. అయినా లీగ్ వాళ్ళు ఆట వీడియో మొత్తం వేసుకుని రెఫరీలకి మార్కులు వేస్తారు. పట్టిన తప్పు నిజమైనదా, పట్టాల్సింది వదిలేశాడా, రెండూ చూస్తారు. అభిమానుల పద్దులో లేనిది ఇదే. వదిలేసినవి కూడా రాసేది ఒక్క వాళ్ళే. మంచి మార్కులు వచ్చినవాళ్ళని పెద్ద ఆటలకి పంపిస్తారు.

మన దగ్గర వీడియో లేదు. నోటు పుస్తకం ఉంది. పి.ఇ.టి. సారుతో, వార్డెన్ సారుతో మాట్లాడాక ఈ జోనల్ పోటీల ముందు జరిగే హాస్టల్ కబడ్డీ ఆటలన్నిటికీ ఒక పద్దు పెడదామని అనుకున్నాం. ప్రతి ఆటకీ ఇద్దరు రాస్తారు. ఇద్దరూ ఆడే గదుల వాళ్ళు కాకూడదు, పక్కపక్కన కూర్చోకూడదు. ఒకరిది చూసి ఒకరు రాస్తే రెండు పద్దులు ఉన్నా ఒకటే అవుతుంది. ఎన్నో నిమిషం, కూతకి వెళ్ళింది ఎవరు, అంపైర్ ఏం చెప్పాడు, ఎవరికి పాయింటు, అప్పటికి స్కోరు ఎంత, ఇవి రాయాలి. స్కోరు ఎందుకంటే, 20–5 దగ్గర ఇచ్చిన పాయింటు వేరు, 14–14 దగ్గర ఇచ్చింది వేరు. పచ్చ కార్డు, పసుపు కార్డు చూపిస్తే అవీ రాయాలి. పసుపు కార్డు అయితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలని మీకు తెలుసు, ఆ రెండు నిమిషాల్లో పోయిన పాయింట్లు కూడా పక్కన వెయ్యాలి.

చివరి గడిలో, "అంపైర్ వదిలేశాడని నాకు అనిపించినది" అని ఉంటుంది. ఇది రెండు జట్లకీ రాయాలి. ఒక జట్టుకే రాసినవాడి పద్దు లెక్కలోకి తీసుకోం. ఇద్దరి పద్దుల్లోనూ అదే నిమిషంలో అదే మాట ఉంటేనే అంపైర్ని అడుగుతాం. అడిగేది కూడా మర్నాడు, కోపాలు చల్లారాక, సారు ముందు.

ఎన్ని కూతలకి ఎన్ని తప్పులు అన్న లెక్క కట్టే పని తొమ్మిదో తరగతి లెక్కల బ్యాచ్ తీసుకుంది. ఎనిమిది ఆటలు పూర్తయ్యేదాకా ఏ అంపైర్ మీదా ఏమీ రాయం, ఎందుకో పైన రూపాయి బిళ్ళ లెక్కలో చెప్పాను. ఎనిమిది తర్వాత కూడా తేడా మరీ పెద్దగా ఉంటేనే మాట్లాడతాం.

పద్దు రాయడానికి పేర్లు ఇచ్చేవాళ్ళు శుక్రవారం స్టడీ అవర్ లోపల ఇవ్వాలి. ఇప్పటికి ఆరుగురు ఇచ్చారు, ఇంకా పది మంది కావాలి. పెన్ను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నోటు పుస్తకం స్టోర్ రూమ్ నుంచి సారు ఇప్పిస్తానన్నారు.